నెమ్ము సంగతి తేలాకే ఇంటీరియర్

దక్షిణ ఒడిశాలోని బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ ఇంటికి కొత్తగా ఇంటీరియర్ చేయిద్దామని బయల్దేరితే మొదటి షాపులోనే నాలుగైదు మాటలు చెవిన పడతాయి. ఎకో ఫ్రెండ్లీ రంగు, జీరో వీఓసీ, ఈ-జీరో ప్లైవుడ్, యాంటీ ఫంగల్ పుట్టీ. వినడానికి అన్నీ ఒకే గూటి మాటల్లా ఉంటాయి గానీ వీటిలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ వస్తువు ఇంట్లో ఉండేవాళ్ళ ఊపిరితిత్తులకు ఏం చేస్తుంది? దాన్ని తయారు చేయడానికి ఎంత అడవి, ఎంత బొగ్గు ఖర్చయింది? మన ఊరి వాతావరణంలో ఎన్నేళ్ళు నిలబడుతుంది? ఒకదాంట్లో పాసైన సరుకు రెండోదాంట్లో ఫెయిలవచ్చు. వెదురు అలమర భూమికి మంచిదే, దానికి పట్టించిన మందు ఇంట్లోవాళ్ళకు మంచిది కాకపోవచ్చు. వాసన రాని బోర్డు రెండు వర్షాకాలాలకే ఉబ్బి చెత్తకుప్పకు చేరితే ఎవరికి మేలు?

ఈ చిక్కుముడి విప్పడానికి చాలా దారులున్నాయి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో కాపురం ఉండేవాళ్ళకు మాత్రం నా లెక్కలో ముందు పట్టుకోవాల్సిన కొస ఒకటే: నెమ్ము, అంటే ఇంటికి పట్టే చెమ్మ. గోడ, చెక్క, రంగు, గాలి అన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఢిల్లీవాళ్ళు పొగ గురించి, జైపూర్‌వాళ్ళు ఎండ గురించి రాసిన సలహాలు యూట్యూబ్‌లో చూసి గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఇంటికి అమలు చేస్తే డబ్బులు దండగ.

ముందు శరీరం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి లోపలి తేమ, బూజు మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. చెమ్మగా ఉండే ఇళ్ళలో ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు ఎక్కువని అందులో ఉంది. గోడ ఉపరితలం దగ్గర గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్ళు అలాగే ఉంటే బూజు మొలవడానికి అది చాలు. మన తీరంలో జూన్ చివరి నుంచి అక్టోబర్ దాకా బయటి గాలే చాలా రోజులు ఆ గీత దాటి ఉంటుంది. అంటే ఆ నాలుగు నెలలూ మన ఇంటి గోడలు అంచు మీద నిలబడి ఉన్నట్టే. ఇంకాస్త తేమ తోడైతే చాలు, బీరువా వెనక నల్ల చుక్కలు మొదలవుతాయి. పరుపుల్లో, దిండ్లలో బతికే డస్ట్ మైట్ అనే సూక్ష్మ పురుగులకైతే అంత కూడా అక్కర్లేదు, 50 శాతం పైబడితే చాలు.

నెమ్ము ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా చేసే వైద్యం పనికిరాదు. నేల నుంచి గోడ పీల్చుకోవచ్చు. పునాది మీద తేమను ఆపే పొర వేయని పాత ఇళ్ళలో ఇది మామూలే. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున అడ్డంగా మరక గీసినట్టు ఉంటుంది, దాని కింద పెచ్చులు ఊడుతుంటాయి, తెల్లటి ఉప్పు తేలుతుంది. లేదా శ్లాబు పగుళ్ళ నుంచి, పైపు లీకుల నుంచి దిగవచ్చు, ఇది మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఇంకోటి మన ఇంట్లో మనమే పుట్టించే ఆవిరి, చల్లటి గోడకు తగిలి నీరయ్యేది.

ఇది తేల్చుకోవడానికి మిషన్లు ఏమీ అక్కర్లేదు. మందపాటి పాలిథిన్ కవరు అడుగు చదరం ముక్క కత్తిరించి, అనుమానం ఉన్న చోట గోడకు నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించాలి. రెండు రోజులు అలా వదిలేయాలి. తీసేటప్పుడు ముందు బయటి వైపు వేలితో రాసి చూడండి. అక్కడ తడి ఉంటే అది గదిలోని ఆవిరి, దానికి మందు గాలి ఆడించడం. టేపు విప్పితే గోడవైపు చెమట పట్టినట్టు బొట్లుంటే, రంగు మెత్తబడి కవరుకు అంటుకుని వస్తే నీరు గోడ లోపలే ఉంది. పది రూపాయలు కూడా ఖర్చు కాని ఈ పరీక్ష చేయకుండానే లక్షల పని మొదలుపెట్టేస్తాం.

మన పక్క పాత వీధుల్లో ఇంకో సంగతి ఉంది. బరంపురం పాత బజార్లలో, పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్ళు గోడకు గోడ కలిసి రైలు పెట్టెల్లా పొడుగ్గా పోతాయి. వెలుతురు వచ్చేది వీధి వైపు, పెరటి వైపు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి నుంచే. దాన్ని ఒడియాలో అగణా అంటారు, మన ఇళ్ళలోనూ చాలామంది అలాగే అంటారు. పక్క గోడలు ఉమ్మడివి కాబట్టి పక్కింటి బాత్రూమ్ గోడే మన పడగ్గది గోడ అయ్యే యోగం చాలామందికి ఉంటుంది. అప్పుడు ఏ యాంటీ ఫంగల్ పుట్టీ కన్నా "పిన్నిగారూ, మీ గీజర్ పైపు ఒకసారి ప్లంబర్‌కి చూపిస్తారా, ఖర్చు సగం మేం పెట్టుకుంటాం" అన్న మాట బాగా పనిచేస్తుంది.

ప్యానెల్ వెనక ఏం జరుగుతుంది

నాలుగైదేళ్ళుగా ఎక్కడ చూసినా పీవీసీ ప్యానెళ్ళే. గోడ పెచ్చులూడుతోందంటే కాంట్రాక్టర్ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: "సార్, ప్యానెల్ కొట్టేస్తే గోడే కనబడదు, ఇంక మీకు టెన్షన్ లేదు." ఒకే రోజులో పని అయిపోతుంది, గది పెళ్ళి మండపంలా మెరుస్తుంది. గాయం కడక్కుండా కట్టు కట్టడమే ఇది. ప్యానెల్‌కీ గోడకీ మధ్య అంగుళం సందు ఉంటుంది. గోడ వదిలే తేమకు బయటికి దారి లేదు, వెలుతురు లేదు, గాలి లేదు. వెనక కొట్టిన చెక్క రీపర్లకు ముందు బూజు, తర్వాత చెద. రెండో వర్షాకాలానికి గదిలోకి అడుగుపెట్టగానే తడి గోనెసంచి వాసన వస్తుంది. అది ఎక్కడి నుంచో ఎవరికీ అంతుపట్టదు, రూమ్ ఫ్రెషనర్ కొంటారు.

అలాంటి ప్యానెల్ ఒకటి విప్పినప్పుడు కిందికి ఏం రాలుతుందో చూస్తే ఇంక మళ్ళీ వేయించబుద్ధి కాదు. ముందు సన్నటి తెల్ల పొడి, సగం ఉప్పు, సగం చివికిన సిమెంటు. తర్వాత పాత రంగు పొరలు, వెనక వైపు బూడిదాకుపచ్చ మసితో. రీపరు చెక్కను గోటితో నొక్కితే దిగబడుతుంది. ముందు వైపు మాత్రం పాలరాయి డిజైన్ చెక్కుచెదరకుండా ఉంటుంది.

వినైల్ వాల్‌పేపర్‌కీ ఇదే జాతకం. ఈమధ్య సవర బొమ్మల డిజైన్‌తో వాల్‌పేపర్లు వస్తున్నాయి. గజపతి, రాయగడ కొండల్లో లాంజియా సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో దేవతల కోసం వేసే ఇడితాల్ బొమ్మలకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊపిరాడే మట్టిగోడ మీద పుట్టిన ఆ బొమ్మను ప్లాస్టిక్ మీద అచ్చేసి నెమ్ము గోడకు అంటించడం నాకు రెండు విధాలా నచ్చదు. అంత ఇష్టమైతే ఆ బొమ్మలు వేసేవాళ్ళ దగ్గర గుడ్డ మీదో కాగితం మీదో వేసినది కొని, ఫ్రేము కట్టించి, గోడకు అర అంగుళం ఎడంగా తగిలించుకోవచ్చు.

సున్నం, సిమెంటు, ఎమల్షన్

మన పాత ఇళ్ళలో చాలా వాటి గోడలు ఇటుక, సున్నం గచ్చుతో కట్టినవి. సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి రుబ్బేవారు. ఆ గోడ నీళ్ళు పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది కూడా. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ కొడితే వదిలే దారి మూసుకుపోతుంది. నీరు ఇంకా పైకెక్కి, ప్లాస్టరింగ్ అయిపోయిన చోట బయటపడుతుంది. "మూడడుగులు సిమెంటు చేయించాం, ఇప్పుడు నెమ్ము నాలుగడుగులకు వచ్చింది" అని అనేవాళ్ళు ప్రతి వీధిలో ఒకరుంటారు. గోడ చెడిపోలేదు, దాని పని దాన్ని చేయనివ్వలేదు, అంతే. పాత సున్నపు గోడకు సున్నం ప్లాస్టరింగే వేయించాలి. పర్లాకిమిడి వైపు ఆ పని తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా దొరకవచ్చు, వెతికి పట్టుకోవడం మన పని.

వెల్ల వేయడం పేదవాళ్ళ పద్ధతి అన్న చిన్నచూపు ఒకటుంది. దాని కెమిస్ట్రీ చూస్తే ఆ చిన్నచూపు పోతుంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు, సిమెంటు తయారీకి 1450 డిగ్రీల దాకా కావాలి. కాల్చినప్పుడు రాయి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను గోడకు పూసిన సున్నం గాలిలోంచి మెల్లగా తిరిగి తీసుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. పొయ్యికి వాడిన బొగ్గు తాలూకు పొగ ఎలాగూ పోయిందే, అది తిరిగి రాదు. కొత్త సున్నం క్షారగుణం ఎక్కువగా ఉన్నది కాబట్టి దాని మీద బూజు మొలవదు. ఆ గుణం కాలంతో తగ్గుతుంది, అందుకే ఏటా వెల్ల వేసేవారు.

లోపాలూ చెప్పుకోవాలి. ఆనుకుంటే చొక్కాకు అంటుతుంది. తడిగుడ్డతో తుడవడం కుదరదు. ఇప్పటికే ప్లాస్టిక్ ఎమల్షన్ ఉన్న గోడ మీద పట్టదు, పాతదంతా గీకాలి. కళ్ళలో పడితే ప్రమాదం, కలిపేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోవాలి. కాబట్టి నా సలహా ఏమిటంటే నెమ్ము ఎక్కే కింది గోడలకు, దేవుడి గదికి, స్టోర్ రూమ్‌కి, పెరటి వరండాకి సున్నం, హాల్లోనూ పిల్లల చేతులు తగిలే చోటా పొడి గోడకు మంచి ఎమల్షన్. ఇల్లంతా ఒకే రంగు కంపెనీ ఉండాలన్న రూలు ఎవరూ పెట్టలేదు.

ఎమల్షన్ డబ్బా మీద తక్కువ వీఓసీ అని రాసి ఉంటే దాని అర్థం, ఆరేటప్పుడు గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువ అని. తలనొప్పి, కళ్ళమంట పుట్టించేవి అవే. కానీ ఆ లెక్క చాలాసార్లు తెల్ల బేస్‌ది. షాపులో మిషన్‌తో ముదురు రంగు కలిపినప్పుడు కొన్ని రకాల కలరెంట్ల వల్ల అది పెరుగుతుంది. లేత రంగు ఎంచుకుంటే ఈ బాధ తక్కువ, గదిలో వెలుతురూ ఎక్కువ. తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఆయిల్ పెయింట్ దగ్గరే అసలు ఘాటంతా ఉంటుంది. ఇప్పుడు నీళ్ళతో కలిపే ఎనామిల్ కూడా దొరుకుతోంది, అడగండి. 2021 జనవరిలో ఖాదీ కమిషన్ తెచ్చిన పేడ రంగు కూడా మార్కెట్లో ఉంది. అది పేడ అలుకు లాంటిదని కొందరి భ్రమ. శుద్ధి చేసిన పేడతో తయారు చేసిన డిస్టెంపర్, ఎమల్షన్ రంగులే అవి, గోడ పొడిగా లేకపోతే అవీ ఊడతాయి.

రంగు డబ్బాలోని తెలుపుకు మన జిల్లాతో చుట్టరికం ఉంది. దాన్నిచ్చేది టైటానియం డయాక్సైడ్, అది వచ్చే ఖనిజాల్లో ముఖ్యమైనది ఇల్మనైట్. గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటు ఒడ్డు ఇసుకలోంచి వేరు చేసేది దాన్నే. అదే ఇసుకలో థోరియం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది, ఆ తీరంలో సహజ రేడియేషన్ మామూలు కన్నా ఎక్కువ. చవగ్గా వస్తోందని సముద్రపు ఇసుక ప్లాస్టరింగ్‌కి వాడకూడదనడానికి ఈ కారణం చాలు. అంతకు ముందే ఉప్పు అనే కారణం ఉంది: ఉప్పున్న ఇసుకతో పూసిన గోడ వర్షాకాలం రాగానే గాలిలోని తేమను తనే లాక్కుంటుంది. రుషికుల్యా, వంశధార ఇసుకకు రేటు ఎక్కువైనా తేడా కనిపిస్తుంది.

పాత ఇల్లు కొనుక్కుని బాగుచేసుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కదలకుండా ఉన్నంతకాలం అది పెద్దగా బాధించదు. పొడిగా సాండ్ పేపర్ కొట్టినప్పుడు లేచే దుమ్మే విషం, నేల మీద పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. నీళ్ళు చల్లుతూ తడి పేపర్‌తో రుద్దించండి, ఆ రోజుల్లో పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపండి.

ప్లైవుడ్ మీద ముద్ర ఏం చెబుతుంది

చెక్క పని బడ్జెట్‌లో పెద్ద ముక్క, అయోమయం కూడా అక్కడే ఎక్కువ. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అన్నీ చెక్కను జిగురుతో అతికించినవే. ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కొత్త అల్మారా తెరిస్తే కళ్ళలో నీళ్ళు తెప్పించేది అదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇక్కడ మన వాతావరణం లెక్కను మార్చేస్తుంది. చవక సరుకులో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. వేడి, తేమ తగిలితే అది కొద్దికొద్దిగా విడిపోతుంది, విడిపోయినప్పుడల్లా ఫార్మాల్డిహైడ్ బయటికి వస్తుంది. బెంగళూరులో ఆర్నెల్లకు తగ్గిపోయే వాసన మన దగ్గర ప్రతి వర్షాకాలం మళ్ళీ పలకరించడానికి కారణం ఇదే. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు అలా విడిపోదు, నీటికి తట్టుకుంటుంది, గాలిలోకి వదిలేది కూడా చాలా తక్కువ. అంటే ఎక్కువ కాలం మన్నే బోర్డే ఊపిరికీ మంచిది. మామూలుగా ఈ రెండూ ఒకేచోట దొరకవు, ఇక్కడ దొరికాయి.

షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అనే భారత ప్రమాణం కింద ఎంఆర్ అని ఉంటే మాయిశ్చర్ రెసిస్టెంట్. పేరు చూసి వాటర్‌ప్రూఫ్ అనుకుంటారు. అది పొడి గదులకు ఉద్దేశించిన మామూలు గ్రేడు, జిగురు సాధారణంగా యూరియాది. బీడబ్ల్యూఆర్ అయితే మరిగే నీటిని కొంతవరకు తట్టుకుంటుంది, ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, ఆ పైమాట. నెమ్ము ఊళ్ళలో వంటింటికీ, బయటి గోడను ఆనుకునే అల్మారాలకూ బీడబ్ల్యూఆర్‌కు తక్కువ ఏదీ వద్దు. ఈ-వన్ అనే ముద్ర ఐరోపా కొలమానం, పరీక్ష గదిలో ఘనపు మీటరు గాలికి 0.124 మిల్లీగ్రాముల లోపు వదిలే బోర్డు అని. ఈ-జీరో అనేది అంతకన్నా తక్కువ అని వ్యాపారంలో వాడే మాట, కాబట్టి ఆ మాట కాకుండా టెస్ట్ రిపోర్ట్ అడగాలి.

కార్పెంటర్‌తో తేల్చుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. బోర్డు కోసిన అంచుల నుంచే వాయువూ ఎక్కువ వస్తుంది, తేమా ఎక్కువ లోపలికి పోతుంది. కనిపించే వైపు సన్‌మైకా, లోపలి వైపు ఏమీ లేకుండా వదిలేస్తారు. అంచులన్నిటికీ బ్యాండింగ్, లోపల పల్చటి లామినేట్ వేయమనండి. సన్‌మైకా అంటించడానికి ఘాటైన రబ్బరు జిగురు కాకుండా నీళ్ళతో కలిసే తెల్ల జిగురు వాడమనండి, ఆరడానికి బరువు పెట్టి ఒక రాత్రి ఆగాలి, అందుకే కార్పెంటర్లకు అది నచ్చదు. అల్మారాను గోడకు రెండంగుళాలు ఎడంగా, నేలకు నాలుగంగుళాల కాళ్ళ మీద నిలబెడితే వెనక గాలి ఆడుతుంది. 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు చూసినవాళ్ళకు ఆ కాళ్ళ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చెప్పాక కూడా, కొత్త బోర్డు కన్నా పాత చెక్కే మేలనిపిస్తుంది నాకు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు, గుగ్గిలం దూలాలు, తలుపులు ఎండీ తడిసీ ఆరితేరినవి. వాటికి జిగురు లేదు, కొత్త చెట్టు కొట్టక్కర్లేదు. చెద పట్టిందేమో సుత్తితో తట్టి చూసుకోవాలి, డొల్ల చప్పుడు వస్తే వదిలేయాలి. పాత రంగు ఉంటే ఇందాక చెప్పిన సీసం జాగ్రత్త.

వెదురుకు మన కొండలు పుట్టిల్లు. ఒడియావాళ్ళు సలియా అనే గట్టి వెదురు, మన సాధన వెదురు, బుట్టల నుంచి ఇంటి కప్పుల దాకా పనికొస్తుంది. దానికి శత్రువు లోపలి పిండిపదార్థం, దాని కోసమే పురుగు వస్తుంది. కుర్చీ కింద పసుపుపచ్చని పొడి రాలుతోందంటే అదే. చలికాలంలో కొట్టి, కొన్ని వారాలు నీళ్ళలో నానేస్తే ఆ పిండి కరిగిపోతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టడం ఇంకో మంచి పద్ధతి, ఇంటి లోపల మనుషులకు పెద్దగా ఇబ్బంది లేనిది. ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన వెదురు కంచెకు వాడుకోండి, మంచానికి వద్దు.

గాలి ఎటు పోతుంది

వంటింటి గురించి ఒక లెక్క. ఎల్‌పీజీ మండితే కార్బన్ డయాక్సైడ్‌తో పాటు నీటి ఆవిరి పుడుతుంది, కిలో గ్యాస్‌కు దాదాపు ఒకటిన్నర కిలోలు. 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి 20 లీటర్ల పైన నీరు ఇంటి గాలిలో కలుస్తుంది. అన్నం కుక్కర్ ఆవిరి, పప్పు ఆవిరి దీనికి అదనం. డక్టు, అంటే పొగను బయటికి పంపే గొట్టం, లేని చిమ్నీ నూనె జిడ్డును పట్టి మిగతాదంతా తిరిగి గదిలోకే వదిలేస్తుంది. డక్టు బయటికి పెట్టించలేని ఇంట్లో దాని కన్నా గోడకు పెట్టే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ నయం, పొయ్యి ఆపాక ఇంకో పదిహేను నిమిషాలు తిరగనివ్వాలి.

వీధి ఇళ్ళలో అతి పెద్ద నష్టం అగణా కప్పేయడంతో జరుగుతోంది. ఒక గది కలిసొస్తుందని శ్లాబు వేస్తారు, లేదా వాన పడకుండా పాలికార్బనేట్ షీటు బిగించేస్తారు. వేడి గాలి పైకి పోయే గొట్టం అదే, అది మూసేస్తే వీధి గదికీ పెరటికీ మధ్య గాలి కదలదు, మధ్య గదుల్లో పగలే లైటు వేసుకోవాలి. వాన బాధ నిజమే. షీటు వేయాల్సి వస్తే చుట్టూ గోడల కన్నా అడుగున్నర ఎత్తులో లేపి, నాలుగు వైపులా తెరిచి, దోమల జాలీ కొట్టించండి. జాలీ కొంత గాలిని ఆపుతుంది, అందుకే కిటికీలకు కూడా రెక్క మొత్తం జాలీ ఉండాలి, సగం కాదు. మలేరియా ఉన్న జిల్లాలు మనవి, జాలీ లేకుండా కిటికీలు తెరుచుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు. దోమల చుట్ట (మస్కిటో కాయిల్) వెలిగించి తలుపులు మూయడం మాత్రం మానాలి. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక్క చుట్ట వదిలే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని తేలింది. దోమతెరకు పొగ లేదు, కరెంటు అక్కర్లేదు.

గాలిని శుభ్రం చేస్తాయని గదినిండా కుండీలు పెట్టేవాళ్ళకు: ఆ కథ 1989లో నాసా మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగంతో మొదలైంది. 2019లో అమెరికన్ పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ తిరగేసి లెక్క కడితే, మామూలు గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మొక్కలు కంటికి బాగుంటాయి, పెంచుకోండి, అయితే వరండాలో. తడి మట్టి, కింద నీళ్ళ పళ్ళెం పడగ్గదిలో నెమ్మునూ దోమల్నీ పెంచుతాయి.

ఫాల్స్ సీలింగ్ గురించి ఎక్కువ చెప్పను. శ్లాబు కారే ఊళ్ళో జిప్సం కప్పు వేయించడం నాకు అర్థం కాని సరదా. ఎత్తైన పైకప్పు ఉన్న ఇంట్లో అది ఉన్న సుఖాన్ని కూడా తీసేస్తుంది. ఆ డబ్బుతో 28 నుంచి 35 వాట్లు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించుకుంటే పాత 75 వాట్ల ఫ్యాన్ కరెంటులో సగానికి పైగా మిగులుతుంది.

పెరటి వరండా మీద, పశువుల పాక మీద ఉండే సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఏస్బెస్టాస్ ఉంటుంది. మన దేశంలో అది నిషేధం కాలేదు. చెక్కుచెదరకుండా ఉంటే వదిలేయవచ్చు. రంపంతో కోయడం, డ్రిల్ చేయడం, తుపానుకు పగిలిన ముక్కల్ని చీపురుతో ఊడ్చడం ప్రమాదం, ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. నీళ్ళు చల్లి, మాస్కు పెట్టుకుని, ముక్కలు చేతులతో ఎత్తి మూట కట్టాలి. కొత్త వంటింటికి పైకప్పుగా మాత్రం ఆ రేకులు వేయకండి.

చివరిగా, పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. మనవాళ్ళందరూ దసరాకి ముందు రంగులు వేయిస్తారు. ఏడాది మొత్తం మీద గోడల్లో నీరు ఎక్కువగా ఉండే రోజులవే, పైగా మన తీరానికి తుపాన్లు వచ్చే నెల అక్టోబర్, ఫైలిన్ 12న, తిత్లీ 11న వచ్చాయి. తడి గోడ మీద పుట్టీ పెట్టి రంగేస్తే ఉగాదికల్లా బుడగలు. శ్లాబు, పైపు, పునాది పనులు డిసెంబర్‌లో చేయించి, గోడల్ని సంక్రాంతి దాకా ఆరనిచ్చి, ఇందాకటి కవరు పరీక్ష మళ్ళీ చేసి, ఫిబ్రవరి మార్చిలో రంగు, చెక్క పని పెట్టుకోండి. అప్పుడు కిటికీలన్నీ తీసిపెట్టుకోవచ్చు, కొత్త చెక్క వాసన కూడా వర్షాకాలం లోపు చాలావరకు బయటికి పోతుంది. పండగకి ఇల్లు కొత్తగా కనిపించాలి కదా అంటే, దసరాకి వీధి గోడకు ఒక చెయ్యి సున్నం, తలుపులకు లిన్‌సీడ్ ఆయిల్ చాలు.